బెత్తెడు దూరమా, జానెడు దూరమా: ఒక ఆరుద్ర పురుగు ఫోటో కేసు

మాది పర్లాకిమిడి. పెళ్ళిళ్ళు తీసే స్టూడియో నాది, ముహూర్తాలు లేని నెలల్లో పురుగుల్నీ పువ్వుల్నీ దగ్గరగా తీయడం నేర్పిస్తుంటాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు మొదటి రోజే అడిగే ప్రశ్న ఒకటే, "ఏ లెన్స్ కొనమంటారు?" అని. దీనికి చాలాకాలం నేను చెప్పిన జవాబు తప్పు. పురుగు ఎంత పెద్దగా కనబడాలో లెక్కేసి, ఆ లెక్కకి సరిపోయే లెన్స్ పేరు చెప్పేసేవాణ్ణి. ఈ కేసు తర్వాత ఆ అలవాటు మానుకున్నాను, అందుకే ఇది రాసి పెడుతున్నా. ఇందులో వచ్చే టీచరుగారిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, ఆవిడకి చెప్పే రాస్తున్నాను. ఫోటోలకి సంబంధించిన సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, కాబట్టి మాట్లాడినట్టే రాస్తాను, ఏమనుకోకండి.

ఆవిడ, ఆ పురుగు

ఆవిడ ఒడిశా వైపు పల్లెబడిలో సైన్స్ టీచరు, ఇంకో రెండు మూడేళ్ళలో రిటైరవుతారు. మోకాళ్ళ నొప్పి ఉంది, కుడిచెయ్యి కొద్దిగా వణుకుతుంది. ఈ రెండూ మొదటి రోజు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగకపోవడం నా తప్పే, దాని సంగతి తర్వాత.

ఆ బడి పిల్లల్లో కొందరిది ఇంట్లో తెలుగు, కొందరిది ఒడియా, కొందరిది సవర. తొలకరి బాగా పడిన మర్నాడు పొద్దున్నే జీడితోటల్లో ఇసుక నేల మీద ఎర్రటి మఖమల్ పూసల్లాంటివి పాకుతుంటాయి కదా, వాటిని అగ్గిపెట్టెల్లో వేసుకుని క్లాసుకి తెస్తారు. తెలుగు పిల్లలు ఆరుద్ర పురుగు అంటారు, ఒడియా పిల్లలు సాధబ బొహూ అంటారు, అంటే షావుకారింటి కోడలు. పాత కవులు ఇంద్రగోపం అన్నదీ దీన్నే. పేరులో పురుగు ఉన్నా అది కీటకం కాదు, సాలీడుకీ తేలుకీ చుట్టం, ఎనిమిది కాళ్ళు. సాయంత్రానికల్లా అగ్గిపెట్టెలోవి చచ్చిపోతాయి. గోడకి పెద్ద ఫోటో ఒకటి పెడితే పిల్లలు దాని కాళ్ళు అక్కడే లెక్కపెట్టుకుంటారు, పట్టుకురావడం మానేస్తారు అని ఆవిడ ఆలోచన. మందుకని వాటిని ఏరి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు మరి, అదో కథ.

ఇబ్బంది ఏమిటంటే ఇది ఏడాదికోసారి దొరికే వ్యవహారం. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది, అటూ ఇటూగా రెండు మూడు వారాలు, అదీ వాన వెలిసిన పొద్దుటిపూట. ఎండ ముదిరితే మట్టిలోకి దూరిపోతాయి. ఒకసారి తప్పిందంటే మళ్ళీ ఏడాది ఆగాలి.

వచ్చినప్పుడు పరిస్థితి

మొదటి ఏడు జూలైలో పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. నాలుగువందల పైచిలుకు ఫోటోలు. "ఏటి బాబూ, ఇన్ని తీస్తే ఒక్కటీ పనికిరాదా? కెమెరాలోనే తేడా ఉందా, నాలోనా?" అని అడిగారు. కెమెరా కెనాన్ 200డి, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్. కొడుకు కొనిచ్చాడట. దగ్గరగా తీయడానికే చేసిన 100 ఎంఎం మాక్రో లెన్స్ కొనడానికి డబ్బు కూడా పక్కన పెట్టుకునే వచ్చారు, నేను ఊ అంటే చాలు.

ఊ అనలేదు. వ్యాపారం ప్రకారం అది తెలివితక్కువే అనుకోండి. కానీ ఫోటోలు చూడకుండా లెన్స్ చెప్పడం, నాడి చూడకుండా మందు రాయడం రెండూ ఒకటే. ఫోటోతోపాటు కెమెరా దాచుకునే వివరాలు ఉంటాయి కదా, షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది, ఎపర్చర్ అంటే లెన్స్ లోపలి రంధ్రం ఎంత అని, అవన్నీ తెరిచి కూర్చున్నాం. ఫోటోలు రెండు రకాలుగా ఉన్నాయి.

మొదటి రకం ఉత్త 18-55 తో తీసినవి. ఆ లెన్స్ ఎంత దగ్గరకి వెళ్ళినా అసలు సైజులో పావువంతే సెన్సర్ మీద, అంటే బొమ్మ పడే చిప్పు మీద పడుతుంది. ఆ కెమెరా సెన్సర్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేములో దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల నేల కనబడుతుంది. అందులో ఎనిమిది మిల్లీమీటర్ల పురుగు ఏ మూలకి? ఫోటో వెడల్పు ఆరువేల పిక్సెళ్ళయితే పురుగు వాటా ఐదువందల చిల్లర. దాన్ని కోసి పెద్దది చేస్తే కుంకుమ బొట్టు చెమటకి చెదిరినట్టు ఉంది.

రెండోది ఇంకా ఘోరం. ఎవరో చెబితే లెన్సు ముందు బిగించే క్లోజప్ అద్దాల సెట్ చవకగా తెప్పించారు, ప్లస్ టెన్ అద్దం పెట్టి, ఎక్కువ లోతు ఫోకస్‌లో ఉండాలని ఎఫ్/22 పెట్టారు, అంటే ఆ రంధ్రం బాగా చిన్నది చేశారు. వెలుతురు చాలక షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతుకి పడిపోయింది, వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే ఐఎస్‌ఓ 3200కి ఎక్కింది. అది ఒంటి గాజుపలక కాబట్టి అంచుల చుట్టూ ఊదారంగు జాలరు. కొన్నిట్లో కెమెరా మీది ఫ్లాష్ లేపారు, లెన్స్ నీడ కింద అర్ధచంద్రాకారంలో పడి పురుగు సగం చీకట్లో ఉండిపోయింది.

ఎఫ్/22 సంగతి ఆవిడకి కొంచెం వివరంగా చెప్పాల్సి వచ్చింది, సైన్స్ టీచరు కదా, ఊరికే వదలరు. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి దాని అంచుల దగ్గర వంగి పరుచుకుంటుంది. ఎఫ్/22 దగ్గర ఒక్కో చుక్క ఆ సెన్సర్ మీద ఎనిమిది పిక్సెళ్ళ మేర వ్యాపిస్తుంది. లోతు పెరిగిన మాట నిజమే, కానీ ఆ లోతు అంతటా సమానంగా మసక. "అంటే మజ్జిగలో నీళ్ళు పోసుకున్నట్టు, గ్లాసు నిండింది గాని రుచి పోయింది" అన్నారావిడ. నాకంటే బాగా చెప్పారు.

నేను మొదట చెప్పింది

లెన్స్ కొనొద్దు, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు వాడదాం అన్నాను. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు అవి, లోపల గాజు ఉండదు కాబట్టి రంగుల జాలరు గొడవ లేదు. నా దగ్గర 36 ఎంఎం గొట్టం ఉంది, 50 ఎంఎం లెన్స్ ఉంది. లెక్క సులువు: గొట్టం పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, అంటే ఆ 50తో, భాగిస్తే 0.72, లెన్స్‌కి సొంతంగా ఉన్న 0.21 కలిపితే దాదాపు 0.9. అసలు సైజుకి దగ్గర దగ్గర. ఖర్చు దాదాపు శూన్యం. నాకు చాలా తెలివైన సలహాలా అనిపించింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాను, అది ఇప్పటికీ చెబుతాను. గొట్టం పెట్టినప్పుడు లెన్స్ మీద రాసి ఉన్న ఎఫ్ నంబరు అసలు నంబరు కాదు. ఒకటికి మాగ్నిఫికేషన్, అంటే ఆ 0.9, కలిపి దాంతో గుణించాలి. ఎఫ్/22 అనుకున్నది 0.9 దగ్గర ఎఫ్/42 అవుతుంది, చుక్క పదిహేను పిక్సెళ్ళకి పాకుతుంది. అందుకని ఎఫ్/8 దాటొద్దన్నాను. ఫోకస్‌లో ఉండే లోతు అప్పుడు 0.7 మిల్లీమీటరు.

మరి పది నెలలు దేని మీద సాధన చెయ్యాలి? పురుగు లేదు కదా. ఇక్కడ ఆవిడ చేసిన పని నా మిగతా శిష్యులందరికీ చెబుతుంటాను. పాత నగల పెట్టెలో లోపల అతికించి ఉండే ఎర్ర వెల్వెట్ గుడ్డ చిన్న ముక్క కత్తిరించి, శనగగింజ సగం బద్దకి చుట్టి కుట్టారు. సరిగ్గా ఎనిమిది మిల్లీమీటర్లు. కింద నల్లదారం పోగులు ఎనిమిది. ముందు ఒక పొడుగు దారం కట్టి మనవడి చేతికిచ్చారు, వాడు పెరట్లో ఇసుక మీద మెల్లగా లాగుతుంటే ఈవిడ తీసేవారు. డిసెంబరుకల్లా నూలు పోగు పోగు కనబడేట్టు తీశారు. నాకు ధైర్యం వచ్చేసింది.

జూన్‌లో జరిగింది

రెండో ఏడు మొదటి వాన పడిన మర్నాడు ఇద్దరం తోటకి వెళ్ళాం. రెండు గంటలు తీశాం. ఒక్కటీ రాలేదు.

నేనూ ఒక పక్కన కూర్చుని చూశాను కాబట్టి కారణం అక్కడే తెలిసింది. ఆ గొట్టంతో లెన్స్ ముందు అద్దానికీ పురుగుకీ మధ్య ఉన్నది బెత్తెడు దూరం. మబ్బు పట్టిన పొద్దున్న వెలుతురు పైనుంచే రావాలి, ఆ పైన అంతా కెమెరా, ఆవిడ తల, చీర కొంగు. పురుగు ఎక్కడికెళ్తే అక్కడికి నీడ తోడు వెళ్తోంది. ఫ్లాష్ పక్కనుంచి పెడదామంటే దూర్చడానికి చోటు లేదు. పెరట్లో ఇసుక చదునుగా ఉంది కాబట్టి ఇది బయటపడలేదు, ఇక్కడ జీడి ఆకులు, గడ్డిపరకలు, రాళ్ళు.

అసలు దెబ్బ ఇంకోటి. ఆరుద్ర పురుగుని ముట్టుకుంటే కాళ్ళు లోపలికి ముడుచుకుని ఉండలా అయిపోతుందని మా ఊళ్ళో ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అంత దగ్గరకి వెళ్ళినప్పుడల్లా లెన్స్ అంచు ఏదో పరకకి తగిలేది, పరక పురుగుకి తగిలేది, అది ముడుచుకునేది. కాళ్ళు లెక్కపెట్టుకోవడానికి తీస్తున్న ఫోటోలో కాళ్ళే లేవు! వెల్వెట్ శనగబద్ద ముడుచుకోదు కదా, నా సాధన పద్ధతిలో ఉన్న లోపం అది.

ట్రైపాడ్ కూడా తీసుకెళ్ళాను, సిగ్గుతో చెబుతున్నా. దాని కాళ్ళు పూర్తిగా పరిచి సరిచేసేలోపు పురుగు మూర దూరం వెళ్ళిపోయేది. పదిహేను నిమిషాల్లో దాన్ని జీడిచెట్టుకి ఆనించేశాం.

ఆవిడ మోకాళ్ళ మీద లేవలేక నా చెయ్యి పట్టుకుని లేచారు. అప్పుడు చూశాను చెయ్యి వణకడం.

వెనక్కి వెళ్ళి ఆలోచించడం

ఆ రాత్రి నాకు పట్టిన ప్రశ్న: నేను 0.9 అన్న అంకె వెనక ఎందుకు పడ్డాను? పేపర్లో మాక్రో అంటే 1:1, అంటే అసలు సైజు అంతా సెన్సర్ మీద పడటం, అని రాసి ఉంటుంది కాబట్టి. ఆవిడకి కావలసింది 1:1 కాదు, గోడ మీద జానెడు వెడల్పున కాళ్ళు లెక్కపెట్టుకోగలిగే బొమ్మ. దానికి పురుగు వాటాకి పదిహేనువందల పిక్సెళ్ళు వస్తే చాలు. వెనక్కి లెక్కేస్తే 0.7 సరిపోతుంది. ఇక మిగిలిన షరతు ఒకటే, దూరం. పురుగు ముడుచుకోకూడదు, నీడ పడకూడదు, ఫ్లాష్ పక్కనుంచి వాలుగా వెళ్ళాలి, ఆవిడ నేల మీద పడుకోకూడదు. అన్నీ కలిపితే కనీసం జానెడు దూరం.

100 ఎంఎం మాక్రో కొన్నా 1:1 దగ్గర ముందు అద్దం నుంచి పురుగుకి మిగిలేది పదిహేను సెంటీమీటర్ల లోపే, అంటే మొదట ఆవిడ అడిగినట్టే కొనిపించి ఉంటే సమస్య తగ్గేది గాని తీరేది కాదు. పొడుగు లెన్స్ అయితే లోతు తగ్గిపోతుందని చాలామంది భయపడతారు గాని, ఒకే మాగ్నిఫికేషన్ దగ్గర ఒకే అసలు ఎఫ్ నంబరుకి 60 ఎంఎం అయినా 150 అయినా లోతు ఇంచుమించు ఒకటే. మారేది దూరం, వెనక కనబడే నేల.

మర్నాడు ఫోన్ చేసి, "మేడమ్‌గారూ, కెమెరా పెట్టెలో ఇంకో లెన్స్ ఏమైనా వచ్చిందా?" అని అడిగాను. "పొడుగుది ఒకటుంది బాబూ, 55-250 అని రాసి ఉంది. దూరంగా ఉన్నవాటికి కదా అని బీరువాలో పెట్టేశాను" అన్నారు.

ఏడాదిగా బీరువాలోనే ఉంది మందు. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న.

పనిచేసింది

ఆ 55-250 ముందు రేనాక్స్ డీసీఆర్-150 అనే క్లోజప్ అద్దం తగిలించాం. నా దగ్గరిదే, సీతాకోకచిలుకల కోసం కొనుక్కున్నది. ఇదీ ముందు పెట్టే అద్దమే, కానీ ఆవిడ కొన్న ఒంటి పలకలా కాకుండా రంగులు చెదరకుండా ఒకటికంటే ఎక్కువ గాజులు కలిపి చేసినది, పవర్ 4.8 డయాప్టర్లు. లెన్స్ ఫోకస్‌ని అనంతం మీద, అంటే బాగా దూరం మీద, పెట్టేస్తే వస్తువు సరిగ్గా 208 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడే ఫోకస్ అవుతుంది, వెయ్యిని 4.8తో భాగిస్తే వచ్చేది అదే. జూమ్ ఎంతైనా ఆ దూరం మారదు. 150 ఎంఎం దగ్గర పెడితే మాగ్నిఫికేషన్ 0.72. పురుగు వాటా ఫ్రేములో పావు వంతు, పదిహేనువందల పిక్సెళ్ళు. ఇక్కడ లెన్స్ ముందుకి జరగలేదు కాబట్టి గొట్టంలోలా ఎఫ్ నంబరు పెరగదు, ఎఫ్/11 అంటే ఎఫ్/11. లోతు 0.8 మిల్లీమీటరు, చుక్క నాలుగు పిక్సెళ్ళు. గొట్టంతో వచ్చిన లోతుకి కాస్త ఎక్కువే, దూరం మాత్రం మూడింతలు.

ఆటోఫోకస్ ఆపేశాం. 208 మిల్లీమీటర్లు చేతికి అలవాటవడానికి చీపురుపుల్ల ఒకటి ఆ కొలతకి విరిచి లెన్స్ పక్కన రబ్బరుబ్యాండుతో కట్టాను. పుల్ల కొస ఎక్కడుంటే ఫోకస్ అక్కడ. రెండు రోజులు వెల్వెట్ ముక్క మీద అలా తీసి, పుల్ల తీసేశారు.

చేతి వణుకుకి కుట్టేసిన గుడ్డ సంచిలో ఉలవలు పోసి నేల మీద పెట్టి దాని మీద కెమెరా ఆనించాం. ఆ కెమెరా స్క్రీన్ బయటికి తిరుగుతుంది, కాబట్టి ఆవిడ పీట మీద కూర్చుని పైనుంచి చూసుకుంటూ తీయొచ్చు. సంచి కింద గోనెపట్టా, లేకపోతే ఉలవలు నానిపోతాయి. ఇంకా మిగిలిన వణుకుని ఫ్లాష్ చూసుకుంటుంది: స్టూడియోలోని పాత మాన్యువల్ ఫ్లాష్ పదహారో వంతు పవర్ మీద పెడితే అది వెలిగేది సెకనుని కొన్ని వేల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమే, అంత తక్కువసేపట్లో చెయ్యి వణికినా ఫోటోలో పడదు.

రెండోసారి తోటకి వెళ్ళినప్పుడు ఫోకస్ కుదిరింది, కాళ్ళు వచ్చాయి. కానీ ఒళ్ళు మాత్రం ప్లాస్టిక్ బొత్తంలా ఎర్రగా, చదునుగా ఉంది. మఖమల్ ఏదీ?

దీని మీద ఒక పూట కూర్చోవాల్సి వచ్చింది. రెండు కారణాలు తేలాయి. ఒకటి, ఫ్లాష్ మెత్తగా రావాలని టీవీ పెట్టెలో వచ్చే తెల్ల ఫోమ్ షీటు వంచి లెన్స్ మీదనుంచి గొడుగులా పెట్టాను. నగలకీ, మెరిసే పెంకు పురుగులకీ అది బ్రహ్మాండంగా ఉంటుంది, నూగుకి మాత్రం పనికిరాదు. వెల్వెట్ ముక్క మీదే పరీక్ష చేశాం. ఎదురుగా వెలుతురు పడితే ఉత్త ఎరుపు. ఫ్లాష్‌ని ఎడమపక్కకి, నేలకి రెండు జానల ఎత్తుకి దించి, ఫోమ్ ఒక్క పొరే ఉంచితే, ప్రతి పోగుకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ వచ్చి నూగు లేచి నిలబడింది.

రెండోది ఎక్స్‌పోజర్. కెమెరా వెనక చూపించే మామూలు వెలుతురు గ్రాఫ్‌లో ఆకుపచ్చకే ఎక్కువ బరువు. ఎరుపు ఒక్కటే నిండి పొంగిపోయినా గ్రాఫ్ అంతా బాగుందనే చెబుతుంది. మూడు రంగుల గ్రాఫ్ విడివిడిగా పెట్టి చూస్తే ఎరుపు కుడిగోడకి గుద్దుకుని ఉంది. ఎరుపులో తేడాలన్నీ అక్కడే పోయాయి. ఫ్లాష్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి, కెమెరా ఏమీ మార్చకుండా దాచే రా ఫైల్‌లో తీయమన్నాను. ఫోటో వెనక స్క్రీన్ మీద కాస్త నల్లగా కనబడితే కంగారుపడొద్దని కూడా చెప్పాను, ఎందుకంటే స్టూడియోలో పెళ్ళికూతురి ఎర్రచీర తీసేటప్పుడు నేను చేసేది కూడా అదే, ఇరవై ఏళ్ళుగా చేస్తూ ఈ పురుగు దగ్గర మాత్రం గుర్తుకి రాలేదు.

మూడోసారి వెళ్ళాం. పురుగు వెంట పడకుండా అది నడిచే దారి చూసి, ముందు జానెడు దూరంలో సంచి పెట్టుకుని కూర్చున్నారావిడ. అది వస్తోంది. స్క్రీన్ మీద ముందు కాళ్ళు మసకగా, తర్వాత స్పష్టంగా. "రా తల్లీ, రా" అని గొణుగుతూ ఆ క్షణంలో నొక్కారు. నూటనలభై తీస్తే ఆరు బాగా వచ్చాయి. ఒకదాంట్లో వెనక కాలు మీద ఇసుక రేణువు ఒకటి అంటుకుని ఉంది, నూగులో దిగబడి.

ఇప్పుడు నేను చేసే తేడా

లెన్స్ పేరుకి ముందు మూడు అడుగుతున్నాను: తీసేది దగ్గరకి వెళ్తే ఏం చేస్తుంది, ఫోటో ఎక్కడ పెడతారు, మీ ఒంట్లో ఎలా ఉంటుంది. చివరిది అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అయినా అడుగుతున్నా. తర్వాత ఇంట్లో ఏమేం ఉన్నాయో అన్నీ బల్ల మీద పెట్టమంటాను, బీరువాలోవి కూడా.

మాక్రో లెన్స్ దండగ అని మాత్రం ఎవరూ అర్థం చేసుకోకండి. ఆకు ఈనెలు, స్టాంపులు, చదునుగా ఉండేవి ఏవైనా అంచుదాకా పదునుగా కావాలంటే ఈ ముందు అద్దం మూలల్లో తేలిపోతుంది, మాక్రోనే కావాలి. మహేంద్రగిరి కొండ మీద ఒక రోజులో ఒకసారి నాచు, ఒకసారి సాలీడు, ఒకసారి పువ్వు తీసేవాడికి కూడా అదే కొనమంటాను, ఎందుకంటే ముందు అద్దం తగిలించినంతసేపూ దూరంగా ఉన్నదేదీ ఫోకస్ కాదు, తీస్తూ పెడుతూ విసుగొస్తుంది.

ఆ ఫోటోని చార్టుగా బడిలో పెట్టారు. పిల్లలు అగ్గిపెట్టెలు మానేశారా అంటే, కొందరు మానలేదట. కానీ ఒక కుర్రాడు చార్టు దగ్గర నిలబడి లెక్కపెట్టి పది కాళ్ళు అన్నాడట. వాడు తప్పేమీ అనలేదు, నోటి దగ్గర చిన్న చేతుల్లాంటివి రెండు ఉంటాయి దానికి, వాటిని కూడా కలిపేశాడు. ఇప్పుడు ఆ రెండింటినీ పెద్దగా తీయాలని మేడమ్‌గారి పట్టుదల. దానికి రేనాక్స్‌లోనే ఇంకా పవరున్న అద్దం డీసీఆర్-250 కావాలి, దాని దూరం పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే మళ్ళీ బెత్తెడు వైపుకే జరుగుతున్నాం, పురుగు ముడుచుకోకుండా ఎలా అన్నది ఇంకా తేలలేదు. ఆరుద్ర కార్తెకి రెండు నెలలుంది. ఈలోగా వెల్వెట్ ముక్క ముందు రెండు సన్నటి దారప్పోగులు అతికించి తీసి పంపమన్నాను. నిన్న పంపినవాటిలో ఒక పోగు కనబడుతోంది, రెండోది ఇంకా లేదు.